క్యాంపర్ వ్యాన్‌లో బయోడీజిల్ మిశ్రమం వాడే పద్ధతి: ట్యాంకు కడగడం నుంచి వానాకాలపు నిలుపుదల వరకు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో పాత ట్రావెలర్లనూ వింగర్లనూ కొని, ఆటోనగర్ షెడ్లలో మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు బిగించుకుని క్యాంపర్ వ్యాన్లుగా మార్చుకున్నవారు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: బయోడీజిల్ ఎంత శాతం వరకు కలపవచ్చు? దీనికి అంకెలో జవాబు ఉంది, కింద ఇచ్చాను. అయితే అంతకంటే ముందు తేల్చుకోవలసింది, మీ బండి ఏడాదిలో ఎన్ని నెలలు కదలకుండా నిలిచి ఉంటుందన్నది. రోజూ తిరిగే లారీకి సరిపడే మిశ్రమం, సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవులకు ఒకసారి బయటికి తీసే వ్యాన్‌కు సరిపడదు. బయోడీజిల్ నూనె నుంచి పుట్టినది కనుక నూనెలాగే ముక్కిపోతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క సంగతిని దృష్టిలో పెట్టుకుని రాశాను.

1. మీరు పోస్తున్నది ఏమిటో ముందు తెలుసుకోండి

ఒకే మాటతో పిలుస్తున్న మూడు వేర్వేరు ద్రవాలు ఉన్నాయి.

మొదటిది వంటనూనె. వాడినదైనా కొత్తదైనా దానిని నేరుగా ట్యాంకులో పోయకూడదు. దాని చిక్కదనం డీజిల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావడంతో నాజిల్ దగ్గర సరిగా తుంపర కాక, సగం కాలి, పిస్టన్ రింగుల దగ్గర జిగురై పేరుకుంటుంది.

రెండవది బయోడీజిల్. నూనెను మిథనాల్‌తో, క్షారపు ఉత్ప్రేరకంతో చర్య జరిపి, గ్లిజరిన్‌ను వేరు చేస్తే మిగిలే ద్రవం ఇది. కలపని శుద్ధ బయోడీజిల్‌ను బీ100 అంటారు. డీజిల్‌లో 20 శాతం కలిపితే అది బీ20.

మూడవది పునరుత్పాదక డీజిల్, అంటే హెచ్‌వీవో. అదే నూనెను హైడ్రోజన్‌తో శుద్ధి చేసి తయారుచేస్తారు. రసాయనికంగా అది డీజిల్ లాంటి హైడ్రోకార్బనే కనుక, బయోడీజిల్‌కు ఉన్న ఇబ్బందులు దీనికి చాలావరకు లేవు. కానీ మన ఊరి బంకుల్లో దీనిని విడిగా పోయరు. కాబట్టి ఇక్కడ మన పని బయోడీజిల్‌తోనే. విదేశాల్లో వ్యాన్ నడిపేవారి కోసం హెచ్‌వీవో గురించి చివరి భాగంలో రాశాను.

2. మీ బండికి పరిమితి ఎంతో తేల్చుకోవడం

ఆర్సీ తీసి ఉద్గార ప్రమాణం ఏమిటో చూడండి. ఆ తరువాత కంపెనీ ఇచ్చిన యజమాని పుస్తకంలో ఇంధనం గురించిన పేజీని, ట్యాంకు మూత లోపలి వైపు అంటించిన కాగితాన్ని చదవండి. అక్కడ రాసిన శాతమే తుది మాట, ఆటోనగర్‌లో ఎంత అనుభవమున్న మేస్త్రి వేరే మాట చెప్పినా సరే.

బీఎస్-6 బండి అయితే, అంటే దాదాపుగా 2020 ఏప్రిల్ తరువాత వచ్చినది అయితే, విడిగా బయోడీజిల్ కలపవద్దన్నదే నా సలహా. కారణం పొగగొట్టంలో ఉండే మసి వడపోత, అంటే డీపీఎఫ్. చాలా ఇంజన్లలో ఆ మసిని కాల్చేయడానికి సిలిండర్‌లోకే ఆలస్యంగా కొంత ఇంధనాన్ని చిమ్ముతారు. డీజిల్ అయితే ఆ వేడికి ఆవిరై బయటకు పోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కావడంతో కొంత భాగం సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది, బేరింగులకు ముప్పు వస్తుంది. ఇవి కాక, సరిగా శుద్ధి చేయని బయోడీజిల్‌లో మిగిలే సోడియం, పొటాషియం వంటి లోహాలు బూడిదగా మారి డీపీఎఫ్‌లో శాశ్వతంగా ఉండిపోతాయి.

పాత మెకానికల్ పంపు ఉన్న బండి అయితే, రబ్బరు గొట్టాలు మార్చిన తరువాత బీ20 వరకు వెళ్లవచ్చు. కామన్ రైల్ (ఇంధనాన్ని అధిక పీడనంతో నాజిళ్లకు అందించే గొట్టపు వ్యవస్థ) ఉండి డీపీఎఫ్ లేని బీఎస్-3, బీఎస్-4 బండ్లకు పుస్తకంలో ఎక్కువకు అనుమతి లేనిదే 7 శాతం దాటవద్దు. అంటే బంకులో పోసే డీజిల్ తప్ప విడిగా ఏమీ అవసరం లేదన్నమాట. ఎందుకో 5వ భాగంలోని లెక్క చూస్తే తెలుస్తుంది.

వారంటీ మిగిలి ఉన్న బండికి విడిగా కలపడం ఏ విధంగానూ లాభసాటి కాదు.

3. కలపకముందు చేయవలసిన పని

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బయోడీజిల్ మంచి ద్రావణి. పదేళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని అది కరిగించి, కదిలించి, నేరుగా ఫిల్టర్ మీదికి తెస్తుంది. కలిపిన మూడో రోజున బండి ఆగిపోతే అందరూ ఇంధనాన్ని తిడతారు. నిజానికి ఆగిపోవడానికి కారణం ట్యాంకులోని పాత మురికి.

ముందుగా ట్యాంకును దాదాపు ఖాళీ అయ్యేదాకా నడిపి, దించి, అడుగు నట్టు తీసి కడిగించండి. ట్యాంకు లోపల తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. తుప్పు పొరలుగా ఊడుతుంటే ట్యాంకు మార్చడమో, మిశ్రమం ఆలోచన మానుకోవడమో తప్ప మూడో దారి లేదు. లోపల జింకు పూత ఉన్న ట్యాంకులూ డబ్బాలూ పనికిరావు. జింకు, రాగి, ఇత్తడి, సీసం, తగరం తగిలితే బయోడీజిల్ త్వరగా పాడవుతుంది. స్టీలు, అల్యూమినియం, గట్టి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సరిపోతాయి.

తరువాత గొట్టాలు. మామూలు రబ్బరు, నైట్రైల్ రబ్బరు బయోడీజిల్‌కు మెత్తబడతాయి, ఉబ్బుతాయి, చివరికి చెమటపట్టినట్టు కారుతాయి. ఫ్లోరో రబ్బరు గొట్టాలు అడగండి, దుకాణంలో వైటాన్ అంటే తెలుస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వెళ్లే గొట్టం ఒక్కటే మార్చి, రిటర్న్ గొట్టాన్ని మరచిపోవడం చాలాసార్లు చూశాను. నాజిళ్ల నుంచి వెనక్కి వచ్చే ఆ గొట్టంలో ఇంధనం వేడిగా ఉంటుంది కాబట్టి ముందు పాడయ్యేది అదే.

క్యాంపర్ వ్యాన్‌కు మరొక సంగతి ఉంది. డీజిల్ హీటర్, డీజిల్ పొయ్యి లేదా చిన్న జనరేటర్ ప్రధాన ట్యాంకు నుంచే ఇంధనం తీసుకుంటుంటే, వాటి గొట్టాలకూ వాటి కంపెనీలు చెప్పిన శాతానికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది. ఇంజన్ బీ20 తట్టుకున్నా హీటర్ తట్టుకోకపోవచ్చు. ఉన్నవాటిలో అతి తక్కువ పరిమితి ఏదో అదే మొత్తం బండికి పరిమితి.

అదనపు ట్యాంకు బిగించాలనుకుంటే అది బండిలో మార్పు కిందికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా బిగించవద్దు.

పని మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి:

☐ ట్యాంకు కడిగించాను, లోపల తుప్పు లేదు
☐ వెళ్లే గొట్టం, రిటర్న్ గొట్టం రెండూ మార్చాను
☐ మూత రబ్బరు, ఓరింగులు, వాషర్లు చూశాను
☐ నీటిని వేరుచేసే గిన్నె ఉంది, దాని కింద మర తిరుగుతోంది
☐ బండిలో రెండు కొత్త ఫిల్టర్లు, ఫిల్టర్ రెంచి ఉన్నాయి
☐ హీటర్, పొయ్యి, జనరేటర్ పరిమితులు చదివాను

4. కొనేటప్పుడు

బయోడీజిల్ పేరుతో చవకైన పారిశ్రామిక నూనెలు, ద్రావణులు కలిపి అమ్మేవారు దేశంలో చాలాచోట్ల పట్టుబడ్డారు. డీజిల్ కంటే మరీ చవకగా ఇస్తున్నారంటే, కొనవద్దు. 2019 ఏప్రిల్‌లో కేంద్ర పెట్రోలియం శాఖ బయోడీజిల్ అమ్మకాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మకందారుకు అనుమతి ఉండాలి, సరుకు ఐఎస్ 15607 ప్రమాణానికి సరిపోవాలి. ఆ బ్యాచ్ పరీక్ష పత్రాన్ని, తయారైన తేదీని, దేని నుంచి తయారైందో (పామాయిల్‌లో గడ్డకట్టే భాగమైన పామ్ స్టియరిన్, వాడిన వంటనూనె, మరొకటి) తప్పక అడగండి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పని చోట నేను కొనను. కారణం 8వ భాగంలో ఉంది.

పత్రం చూసిన తరువాత మీరే మూడు పరీక్షలు చేయవచ్చు.

తేటదనం. తెల్ల గాజు సీసాలో పోసి, వెనుక వార్తాపత్రిక పెట్టి చదవండి. రంగు పసుపు నుంచి తేనె రంగు దాకా ఏదైనా ఉండవచ్చు, కానీ అక్షరాలు స్పష్టంగా కనబడాలి. మసకగా ఉంటే నీరో మైనమో ఉన్నట్టు.

సాంద్రత. 15 డిగ్రీల దగ్గర బయోడీజిల్ సాంద్రత ఘనమీటరుకు 860 నుంచి 900 కిలోలు. డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.7 కిలో తగ్గుతుంది కనుక, మన 30 డిగ్రీల వాతావరణంలో హైడ్రోమీటరు దాదాపు 850 నుంచి 890 మధ్య చూపాలి. అంతకు బాగా తక్కువ చూపితే అందులో తేలికైన ద్రావణి కలిసిందని అనుమానించాలి.

నీళ్లతో కుదిపే పరీక్ష. సీసాలో సగం బయోడీజిల్, సగం మంచినీళ్లు పోసి పది సెకన్లు గట్టిగా కుదిపి పక్కన పెట్టండి. మంచి సరుకైతే అరగంటలో రెండు పొరలుగా విడిపోతుంది. మజ్జిగ చిలికినట్టు మధ్యలో తెల్లని పొర నిలిచిపోతే సబ్బు మిగిలి ఉందనో, చర్య పూర్తికాలేదనో అర్థం. ఆ సరుకు ట్యాంకులోకి వెళ్లకూడదు. పరీక్షకు వాడిన సీసాలోని ద్రవాన్ని మళ్లీ క్యాన్‌లో పోయవద్దు.

ఇంట్లో తయారుచేద్దామన్న ఆలోచన మానుకోండి. మిథనాల్ విషం, దాని ఆవిరి తేలికగా అంటుకుంటుంది.

5. లెక్క, కలిపే వరుస

మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం బంకులో పోసే డీజిల్‌లోనే 7 శాతం వరకు బయోడీజిల్ ఉండవచ్చు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి 5 శాతం మిశ్రమాన్ని లక్ష్యంగా పెట్టుకుంది కాబట్టి, రానురాను బంకు డీజిల్‌ను శుద్ధ డీజిల్‌గా లెక్కించడం తప్పవుతుంది.

70 లీటర్ల ట్యాంకు అనుకుందాం. బీ20 కావాలని 14 లీటర్ల బయోడీజిల్, 56 లీటర్ల బంకు డీజిల్ పోశారు. ఆ డీజిల్‌లో అప్పటికే 7 శాతం ఉంటే, 3.9 లీటర్లు అదనంగా చేరినట్టు. మొత్తం 17.9 లీటర్లు, అంటే 25.6 శాతం. పరిమితి దాటిపోయింది.

అందుకే ఎప్పుడూ గరిష్ఠాన్ని అనుకునే లెక్క వేయాలి. కావలసిన శాతం నుంచి 7 తీసివేసి, వచ్చినదాన్ని 93తో భాగించి, ట్యాంకు లీటర్లతో గుణించండి. బీ20కి 13ను 93తో భాగించి 70తో గుణిస్తే 9.8 లీటర్లు. నేనైతే తొమ్మిదిన్నరకే ఆపుతాను. బీ10కి ఇదే లెక్కలో సుమారు రెండుంబావు లీటర్లే వస్తాయి. ట్యాంకులో అప్పటికే మిశ్రమం మిగిలి ఉంటే దాన్నీ లెక్కలో చేర్చాలి. అందుకే పావు ట్యాంకుకు తగ్గాకనే కలపడం అలవాటు చేసుకోండి.

కలిపే వరుస ఇది:

ముందుగా కావలసిన డీజిల్‌లో సగం బంకులో పోయించండి. తరువాత బయోడీజిల్‌ను సన్నని జల్లెడ ఉన్న గరాటులో పోయండి. చివరగా మిగతా డీజిల్ పోయించండి. బయోడీజిల్ బరువు ఎక్కువ కనుక, ఖాళీ ట్యాంకులో దాన్నే ముందు పోస్తే అడుగున పొరగా నిలిచి, ఇంజన్‌కు మొదట శుద్ధ బయోడీజిలే అందే ప్రమాదం ఉంది. పోసిన వెంటనే బండి ఆపేసి ఇంటికి వెళ్లకుండా, పదిహేను ఇరవై కిలోమీటర్లు నడపండి. కనకదుర్గమ్మ వారధి దాటి మంగళగిరి వెళ్లి వచ్చేసరికి మిశ్రమం బాగా కలిసిపోతుంది.

క్యాన్‌ను బంకు ఆవరణలో విప్పవద్దు. బయట, ఇంజన్‌నూ వంట గ్యాస్‌నూ ఆపేసి, బండి తలుపులన్నీ తెరిచి పోయండి. ఒలికిన చుక్కను వెంటనే తుడవండి, అది రంగును, రబ్బరు మ్యాట్లను తింటుంది. తుడిచిన గుడ్డను ఉండచుట్టి పరుపు కింద పెట్టవద్దు. నూనె పట్టిన గుడ్డలు గాలి ఆడక తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. తడిపి ఆరబెట్టండి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

6. మొదటి రెండు ట్యాంకులు

మొదటి ట్యాంకు బీ10, రెండవది కూడా బీ10, ఆ తరువాతే బీ20. తొందరపడవద్దు.

మొదటి 500 కిలోమీటర్లలో ఫిల్టర్ మూసుకుపోవచ్చు. గమనించవలసింది ఎత్తు ఎక్కేటప్పుడు శక్తి తగ్గడం, యాక్సిలరేటర్ తొక్కితే తటపటాయించడం. మొదటి ట్యాంకు అయిపోగానే ఫిల్టర్ బాగున్నా మార్చండి. పాత ఫిల్టర్‌ను కోసి చూస్తే మీ ట్యాంకు చరిత్ర మొత్తం అందులో కనబడుతుంది. రెండవ ట్యాంకు తరువాత కూడా నల్లగా ఉంటే మరోసారి మార్చండి.

వారానికి ఒకసారి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చూసి మట్టం రాసుకోండి. పెరుగుతుంటే ఇంధనం ఆయిల్‌లో చేరుతోంది. వెంటనే ఆయిల్ మార్చి, మామూలు డీజిల్‌కు వెనక్కి రండి.

మైలేజీలో తేడా స్వల్పం. బీ100లో లీటరుకు సుమారు 8 శాతం తక్కువ శక్తి ఉంటుంది, కాబట్టి బీ20తో 1 నుంచి 2 శాతం తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ తగ్గితే కారణం వేరే చోట ఉంది.

7. బండిని నిలిపేటప్పుడు

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

ఒక ఏడాది జూన్‌లో యాత్ర ముగించుకుని, సగం ట్యాంకు బీ20తో మా వ్యాన్‌ను ఇంటి పక్క ఖాళీ స్థలంలో నిలిపాను. అక్టోబరులో తీసేసరికి బండి స్టార్టయి, ఐదు నిమిషాలకు ఆగిపోయింది. గిన్నె విప్పితే అడుగున నీళ్లు, వాటిమీద గోధుమరంగు జిగట పొర. ట్యాంకు దించి, పంపు విప్పించి, నాజిళ్లు శుభ్రం చేయించడానికి అయిన ఖర్చు, అంతవరకు మిశ్రమంతో మిగిలిందనుకున్న డబ్బు కంటే చాలా ఎక్కువ.

జరిగింది ఇది. సగం ఖాళీ ట్యాంకు పగలు వేడికి గాలిని బయటకు వదిలి, రాత్రి చల్లబడి వానాకాలపు తేమగాలిని పీలుస్తుంది. ఆ తేమ నీరుగా దిగుతుంది. బయోడీజిల్ మామూలు డీజిల్ కంటే ఎన్నో రెట్లు నీటిని తనలో ఇముడ్చుకోగలదు. ఇంధనానికీ నీటికీ మధ్య సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి జిగటగా మారతాయి. మరోవైపు వేడికి బయోడీజిల్ ఆక్సీకరణం చెంది ఆమ్లాలు, జిగురు పుడతాయి. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో ఈ చర్య మరింత త్వరగా సాగుతుంది.

నిలుపుదల గడువును నేను ఇలా పాటిస్తున్నాను. బీ100ను క్యాన్‌లో రెండు నెలలకు మించి ఉంచను. బీ20ని ట్యాంకులో మూడు నెలలకు మించి ఉంచను. చల్లని దేశాల సూచనల్లో ఇంతకంటే ఎక్కువ గడువు కనబడుతుంది, కానీ వాటిని మన ఎండలకు వర్తింపజేయడం సరికాదు.

నెలకు మించి నిలపబోతుంటే:

☐ చివరి యాత్రలోనే మిశ్రమాన్ని పావు ట్యాంకు కిందికి ఖర్చు చేయండి
☐ బంకు డీజిల్‌తో ట్యాంకును మెడ దాకా నింపండి, గాలికి చోటు లేకుండా
☐ ఇరవై కిలోమీటర్లు నడిపి, గొట్టాల్లో, పంపులో కొత్త డీజిల్ నిండనివ్వండి
☐ హీటర్‌ను, జనరేటర్‌ను కూడా పావుగంట నడపండి
☐ గిన్నె అడుగు మర విప్పి నీళ్లు వదలండి
☐ నీడన నిలపండి, మూత రబ్బరు బిగుతుగా ఉందో చూడండి
☐ నిలిపిన తేదీ రాసి స్టీరింగ్‌కు కట్టండి

మళ్లీ తీసేటప్పుడు ముందు గిన్నె చూడాలి, ఆ తరువాతే తాళంచెవి తిప్పాలి. మూత తీసి వాసన చూడండి. ముక్కిన నూనె వాసనో, పుల్లని వాసనో వస్తే స్టార్ట్ చేయవద్దు.

8. లంబసింగి, అరకు వెళ్లేటప్పుడు

పామాయిల్ బయోడీజిల్ సుమారు 13 నుంచి 16 డిగ్రీల దగ్గరే మసకబారి మైనం కట్టడం మొదలుపెడుతుంది. పామ్ స్టియరిన్ నుంచి తయారైనదైతే ఇంకా ముందే. విజయవాడ చలికాలంలో ఇది పెద్దగా కనబడదు. లంబసింగిలో డిసెంబరు, జనవరి వేకువజాముల్లో 10 డిగ్రీలకు దిగువకు దిగినప్పుడు, డబ్బాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే ఫిల్టర్‌లో మైనం కట్టి బండి కదలదు.

బయలుదేరే ముందే మిశ్రమాన్ని అయిపోగొట్టి, చలికాలంలో వచ్చిన తాజా బంకు డీజిల్‌తో వెళ్లండి. ట్యాంకులో వేసవి నాటి డీజిల్ ఉంటే అది కూడా పనికిరాదు. చలికాలపు డీజిల్‌కు ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత పరిమితి 6 డిగ్రీలైతే, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీల వరకు అనుమతి ఉంది.

అప్పటికే మైనం కట్టి ఆగిపోతే ఎండ వచ్చేదాకా ఆగండి. ఫిల్టర్ మీద వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టవచ్చు. మంట చూపించవద్దు, కిరోసిన్ కలపవద్దు.

9. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు

ఫిల్టర్ మార్చాక స్టార్ట్ కాకపోవడం. గాలి చేరింది. పాత బండిలో ఫిల్టర్ తల మీద మరను వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టి, బిగించండి. కామన్ రైల్ బండిలో అధిక పీడనపు గొట్టాలను ఎప్పుడూ విప్పవద్దు, అక్కడి ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది.

ఫిల్టర్లు మూడుసార్లు మార్చినా మూసుకుపోవడం. జిగట ఉంటే సూక్ష్మజీవులు. ఫిల్టర్‌తో తగ్గదు, ట్యాంకు దించి కడగాల్సిందే. తెల్లని మైనంలా ఉంటే చలి కారణం. గట్టి రేణువులైతే తుప్పు.

గొట్టాల అతుకుల దగ్గర చెమ్మ. క్లిప్పు మరింత బిగించడం పరిష్కారం కాదు. మెత్తబడిన గొట్టం తెగుతుంది. మార్చండి.

తెల్లపొగ, ఉదయాన్నే ఎక్కువ. ఇంధనంలో నీరు ఉండవచ్చు. గిన్నె వదిలి చూడండి. అప్పటికీ పోకపోతే నాజిళ్లు పరీక్షించే పంపు షెడ్డుకు తీసుకువెళ్లండి.

10. విదేశంలో వ్యాన్ నడిపేవారికి

కాలిఫోర్నియాలో, ఐరోపాలో పిల్లల దగ్గరికి వెళ్లి క్యాంపర్ అద్దెకు తీసుకునే మనవారు పంపు మీది అక్షరాలను చూసి తికమకపడుతున్నారు. ఐరోపాలో చతురస్రంలో బీ7, బీ10 అని ఉంటే అది బయోడీజిల్ మిశ్రమం. ఎక్స్‌టీఎల్ అని ఉంటే హెచ్‌వీవో వంటి ఇంధనం, ఈఎన్ 15940 ప్రమాణానిది. మూతపై ఎక్స్‌టీఎల్ గుర్తు ఉంటే నిశ్చింతగా పోయవచ్చు, డీజిల్‌తో ఏ నిష్పత్తిలోనైనా కలపవచ్చు. గుర్తు లేకపోతే అద్దెకిచ్చినవారిని రాతపూర్వకంగా అడగండి.

హెచ్‌వీవో సాంద్రత తక్కువ, ఘనమీటరుకు 765 నుంచి 800 కిలోలు, కనుక లీటరు లెక్కన కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. నిలవ ఉంచినా ముక్కిపోదు. పాత సొంత వ్యాన్ ఉన్నవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏళ్లతరబడి మామూలు డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలకు ఉబ్బిన పాత సీళ్లు, అవి లేని హెచ్‌వీవో తగిలాక ముడుచుకుని కారవచ్చు. మొదటి ట్యాంకు తరువాత పంపు కింద ఒక అట్టముక్క పరిచి, రాత్రంతా ఉంచి, ఉదయం మరక ఉందేమో చూడండి.